సమ్మతి వేరు, సంతకం వేరు

"పరీక్ష" అన్న మాటలో "పరి" ఉపసర్గ, "ఈక్ష్" ధాతువు. అన్ని వైపులనుంచీ చూడటమని అర్థం. "సమ్మతి"లో ఉన్నవి "సమ్", "మతి". ఇద్దరి తలపులు కలిస్తేనే సమ్మతి. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం ఎంతో మన హైదరాబాదులోనే పుట్టిన ఒక వ్యాజ్యం దేశానికంతటికీ చూపింది.

1990లో ప్రశాంత్ ధనంక అనే ఇరవయ్యేళ్ళ ఇంజనీరింగు విద్యార్థి అనారోగ్యంతో పంజగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు, అంటే నిమ్స్‌కు వెళ్ళాడు. ఎక్స్‌రేలో ఛాతీ ఎడమభాగాన కణితి కనబడింది. సూదితో తీసిన నమూనా ఏమీ తేల్చలేదు. కణితి స్వభావం తెలుసుకోవడానికి "ఎక్సిజన్ బయాప్సీ" చేస్తామని సమ్మతి తీసుకున్నారు. అక్టోబరులో శస్త్రచికిత్స జరిగింది. పరీక్షతో ఆగక కణితిని పూర్తిగా తొలగించారు. మెలకువ వచ్చేసరికి ఆ యువకునికి నడుము క్రింది భాగం చచ్చుబడింది.

అతడు జాతీయ వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాడు. 1999లో కమిషన్ పదిహేను లక్షలకు పైగా పరిహారం ఇప్పించింది. ఇరుపక్షాలూ సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. ఈలోగా ప్రశాంత్ ఇన్ఫోసిస్‌లో ఉద్యోగి అయ్యాడు. చక్రాల కుర్చీలో కూర్చుని తన వాదన తానే వినిపించుకున్నాడు. 2009 మే 14న కోర్టు అతనికి కోటి రూపాయలు, దానిపై వడ్డీ ఇవ్వాలని తీర్పు చెప్పింది. కణితి వెన్నెముకను తాకి ఉన్నా ముందుగా తగిన పరీక్షలు చేయించలేదనీ, నాడీశస్త్రవైద్యుని తోడు తీసుకోలేదనీ, కణితిని పూర్తిగా తొలగించడానికి సమ్మతి లేనేలేదనీ తేల్చింది. ఒక ప్రశ్నకు సమాధానం రావడానికి పందొమ్మిదేళ్ళు పట్టింది!

అంతకు ఏడాది ముందే, 2008 జనవరి 16న, సమీరా కోహ్లీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని స్పష్టం చేసింది. 1995లో ఢిల్లీలో ఆమె రోగనిర్ణయం కోసం లాపరోస్కోపీకి ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా, బయట ఉన్న తల్లిని అడిగి, గర్భాశయమూ అండాశయాలూ తొలగించారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు చెల్లదనీ, ప్రాణాపాయం ఉన్నప్పుడే మినహాయింపనీ కోర్టు అన్నది. చేయబోయేదేమిటి, ఎందుకు, ప్రయోజనమేమిటి, ముఖ్యమైన ముప్పులేమిటి, వేరే మార్గముందా, వద్దంటే ఏమవుతుంది – ఇవన్నీ రోగికి చెప్పి తీరాలన్నది. ఈ జాబితాను ప్రతి ఇంటి గోడమీదా అతికించదగినదని నేననుకుంటాను.

1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల రూపురేఖలు మారిపోయాయి. కార్యాలయాలను అనుసరించి ఆసుపత్రులు, పరీక్షాశాలలు వచ్చాయి. ఇప్పుడు "ఫుల్ బాడీ చెకప్" పేరిట పదుల కొద్దీ పరీక్షలు ఒక్క మూటగా అమ్ముతున్నారు. ఫలితాలు సెల్‌ఫోనుకే వస్తాయి. ఎర్రరంగు అంకెలు భయపెడతాయి. వాటి అర్థం చెప్పే మనిషి మాత్రం దొరకడు.

ఈ సైబరాబాదు అంచునే ఉన్న మియాపూర్‌లో ఒక సంస్థకు పిడుగురాళ్ళ ప్రాంతపు పేద మహిళలను తీసుకువచ్చి రొమ్ము క్యాన్సరు మందును వారిపై పరీక్షించారన్న వార్త 2011లో కలకలం రేపింది. చదువురాని ఆ స్త్రీలకు విషయం బోధపరచి సమ్మతి తీసుకున్నారా అన్న ప్రశ్న తలెత్తింది. చదువు లేనివారు వేలిముద్ర వేస్తే, చదువుకున్నవారు చదవకుండా సంతకం చేస్తున్నారు. రోజంతా తెరమీద "అంగీకరిస్తున్నాను" అన్న మీటను నొక్కే వేలికి కాగితం మీద సంతకం కష్టమా!

బడిలో "అర్థమయిందా?" అంటే తరగతి అంతా తల ఊపుతుంది. ఏ ఉపాధ్యాయుడూ దాన్ని నమ్మడు. "నీ మాటల్లో చెప్పు" అన్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. వైద్యుని ముందు ఈ పద్ధతిని తిరగవేసి మనమే వాడుకోవచ్చు: "అయ్యా, మీరు చెప్పింది నాకిలా బోధపడింది, సరేనా?" అనడంలో ధిక్కారం లేదు. వంద మంది రోగులు బయట వేచి ఉన్న వైద్యునికి సహనం తక్కువగా ఉండవచ్చు. ఆయన కష్టం మనకు తెలుసు. అయినా సూది దిగేది మన ఒంటిలోనే గదా!

అడిగే హక్కుకు ఆధారాలూ ఉన్నాయి. వైద్య సేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని 1995 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. కోరిన రోగికి 72 గంటలలో తన వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి భారత వైద్యమండలి నియమావళి చెబుతున్నది. జాతీయ మానవహక్కుల కమిషన్ 2018లో సిద్ధంచేసిన రోగుల హక్కుల పత్రం సమాచారం పొందే హక్కునూ, రెండవ అభిప్రాయం కోరే హక్కునూ, పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలో ఎంచుకునే హక్కునూ పేర్కొన్నది.

కాగితం మీది హక్కు నోరు తెరిచినప్పుడే ప్రాణం పోసుకుంటుంది. ప్రశాంత్ తన ప్రశ్నను దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా మోశాడు. మనం మోయవలసినది వైద్యుని బల్ల ఇవతలినుంచి అవతలికి మాత్రమే. మిత్రులారా, ఆ మాత్రం దూరం వెళ్ళనిద్దాం.

స్వస్తి.