నూరేళ్ళ విజ్ఞాన సర్వస్వం – విద్యార్థుల చేతిలో కలం

కిందటి శీతాకాలంలో ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "ఏరా, రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువుందన్నారు. అంటే ఏమిటో నాకర్థమయ్యేట్టు చెప్పు" అంది. నేను వైద్యుణ్ణి. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో రోజూ రోగులకు ఈ సంగతి ఇంగ్లీషులో, హిందీలో, వచ్చీరాని అరబ్బీలో చెబుతూనే ఉన్నాను. అమ్మకు తెలుగులో చెప్పబోయి మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ తరువాత నోట వచ్చినవన్నీ ఇంగ్లీషు మాటలే. "పోనీలే నాన్నా, తీరికున్నప్పుడు చెబుదువుగాని" అని అమ్మ ఫోన్ పెట్టేసింది.

ఆ రాత్రి మదీనత్ ఖలీఫాలోని మా ఇంట్లో కూర్చుని తెలుగు వికీపీడియా తెరిచాను. తెలుగులో శాస్త్ర విషయాలు చెప్పాలన్న తపన ఈనాటిది కాదు. ఆ కథను ఈ ఉగాది సంచికలో మన సభ్య కుటుంబాలతో పంచుకోవాలనిపించింది.

1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు గారు మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు వంటి పెద్దలు అందులో పాలుపంచుకున్నారు. చరిత్రతో పాటు శాస్త్ర గ్రంథాలు కూడా సామాన్యుడికి తెలుగులో అందాలన్నది వారి పట్టుదల. జీవశాస్త్రం మీద మండలికి పుస్తకం రాసిన ఆచంట లక్ష్మీపతి గారు స్వయంగా వైద్యులు. అంటే మనలాంటి వృత్తిలో ఉన్నవారే ఆనాడు తీరిక చేసుకుని ఈ పనికి పూనుకున్నారు.

తరువాత లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. మూడు సంపుటాలు వచ్చాయి. కాని అకారాది క్రమంలో తొలి అక్షరాలు దాటకముందే, 1923లో, 46 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ పనిని మళ్ళీ తలకెత్తుకున్నారు. 1938లో ఆయనా వెళ్ళిపోయారు. స్వాతంత్ర్యం వచ్చాక తెలుగు భాషా సమితి విషయాల వారీగా సంపుటాలు తెచ్చింది. హైదరాబాదులో ఖండవల్లి లక్ష్మీరంజనం గారి సంపాదకత్వంలో సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశం వెలువడింది. అన్నీ గొప్ప కృషులే. అయితే అచ్చయిన పుస్తకంతో ఒక చిక్కుంది. శాస్త్రం ముందుకు పోతుంది, పుటలు మాత్రం అచ్చయిన నాటి దగ్గరే ఉండిపోతాయి. పైగా భారమంతా కొద్దిమంది భుజాల మీదే.

ఇంటర్నెట్టు ఈ రెండు చిక్కులనూ సడలించింది. 2001 జనవరిలో ఇంగ్లీషు వికీపీడియా, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా పుట్టాయి. తెలుగు వికీకి తొలి అడుగు వేయించిన వెన్న నాగార్జున గారు మనలాగే ఊరికి దూరంగా, అమెరికాలో ఉన్నవారు. నేడు అందులో వ్యాసాలు లక్ష దాటాయి. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. నియమాలు మాత్రం గట్టివి: చెప్పినదానికి ఆధారం చూపాలి, ఒకరి రాతను ఎత్తిరాయకూడదు, సొంత అభిప్రాయం చొప్పించకూడదు.

ఈ పనిలోకి కళాశాల విద్యార్థులను తెచ్చే ప్రయత్నాలు పలుచోట్ల జరిగాయి. మొదటి అనుభవాల్లో ఒకటి చేదుది. 2011లో పూణే కళాశాలల్లో పెద్ద సంఖ్యలో విద్యార్థుల చేత ఇంగ్లీషు వికీపీడియాలో రాయించారు. చాలామంది పుస్తకాల నుంచి ఉన్నదున్నట్టు ఎక్కించేశారు. దిద్దేవారు తలలు పట్టుకున్నారు. ఆ ఏడాదే కార్యక్రమం ఆపేయవలసి వచ్చింది. తప్పు పిల్లలదే అనలేం. చదివి, అర్థం చేసుకుని, సొంత మాటల్లో చెప్పడం వారికి ఎవరు నేర్పారు? మన చదువులూ బట్టీలతోనే సాగలేదా?

పాఠం నేర్చుకున్నవారూ ఉన్నారు. అదే 2011లో మన దోహాలో అరబ్బీ వికీపీడియా రచయితలు సమావేశమయ్యారు. మరుసటి ఏడాది కైరోలో రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థులు తరగతి పనిలో భాగంగా అరబ్బీ వ్యాసాలు రాశారు. వారిలో ఎక్కువమంది అమ్మాయిలు. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్య విద్యార్థులు వికీపీడియాలోని వైద్య వ్యాసాలను దిద్దితే దాన్ని చదువులో భాగంగా లెక్కించారు. 2016ను అమెరికాలో శాస్త్ర వ్యాసాల కోసమే కేటాయించి వేలమంది విద్యార్థుల చేత పని చేయించారు. మన విజయవాడలోని ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు తెలుగు వికీలో రాశారు. ఎక్కడ గురువు పక్కన కూర్చుని దిద్దాడో అక్కడ పని నిలిచింది. ఎక్కడ సంఖ్య కోసం పరుగెత్తారో అక్కడ చెరపవలసి వచ్చింది.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మాయి విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదువుతోంది. తెలుగు చదవడం వచ్చు, రాయడం తడబాటు. సెలవుల్లో ఇద్దరం కూర్చుని క్రియాటినిన్ గురించి నాలుగు వాక్యాలు రాశాం. కండరాల నుంచి రక్తంలో చేరే వ్యర్థపదార్థం ఇదనీ, మూత్రపిండాలు దాన్ని బయటికి పంపుతాయనీ, అవి మందగిస్తే రక్తంలో దాని పాలు పెరుగుతుందనీ. నేను పాండిత్యం చూపి "గాలనం" అన్న మాట పెట్టించాను. ఫోన్లో వినిపిస్తే అమ్మ అంది: "గాలనమేమిట్రా? కాఫీ వడపోస్తాం కదా, వడపోత అనండి." అమ్మాయి నవ్వుతూ కొట్టేసి దిద్దింది.

మన సంఘంలో వైద్యులున్నారు, ఇంజనీర్లున్నారు, కళాశాలల్లో చదివే పిల్లలున్నారు, ఊళ్ళో ప్రశ్నలడిగే అమ్మానాన్నలున్నారు. ఇంటికి ఒక వ్యాసం చొప్పున పిల్లల చేత రాయిద్దాం, మనం ఆధారాలు చూసిపెడదాం, పెద్దల చేత మాట సరిచేయిద్దాం. లక్ష్మణరావు గారు తొలి అక్షరాల దగ్గర వదిలిన పనిలో మన వంతు అదే.