షోగర్ల్

ఆటపాటలు కలిపిన పాశ్చాత్య రెవ్యూ ప్రదర్శనల్లో ఈకల కిరీటం, తళుకురాళ్ల దుస్తులు ధరించి వేదికను అలంకరించే యువతి షోగర్ల్. సినిమాల్లో జ్యోతిలక్ష్మి, జయమాలినిల క్లబ్ డ్యాన్సులు చూసిన కళ్లతో ఈమెను నర్తకి అనుకోవడం సహజమే గాని, గంతులేసే పని ఎక్కువగా కోరస్ అమ్మాయిలది. షోగర్ల్ విద్య నడక.

పారిస్‌లో 1869లో మొదలైన ఫోలీ బెర్జేర్, 1889లో తెరుచుకున్న మూలాన్ రూజ్ అనే ప్రదర్శనశాలలు ఈ సంప్రదాయానికి పుట్టిళ్లు. నిర్మాత ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ దాన్ని 1907లో న్యూయార్క్‌కు తెచ్చాడు. అతని శిక్షకుడు నెడ్ వేబర్న్ మెట్లు దిగడాన్నే ఒక అంకంగా మలిచాడు: గడ్డం పైకి, చూపు ప్రేక్షకుల మీద, అడుగు ఓరగా. తర్వాత సినిమా తారగా ఎదిగిన బార్బరా స్టాన్‌విక్ ఒకప్పుడు జీగ్‌ఫెల్డ్ బృందంలోనిదే. అయితే జీగ్‌ఫెల్డ్ కీర్తించిన 'అమెరికన్ అమ్మాయి' తెల్లజాతి అమ్మాయి మాత్రమే. నల్లజాతికి చెందిన జోసెఫిన్ బేకర్‌కు 1926లో ఫోలీ బెర్జేర్‌లో పట్టం కట్టింది పారిస్.

ఐర్లండ్‌లో పుట్టిన మార్గరెట్ కెల్లీ 1932లో పారిస్‌లో బ్లూబెల్ గర్ల్స్ బృందాన్ని కూర్చింది. పొడగరులనే ఏరి తీసుకునేది. ఆ బృందం పాల్గొనే పారిస్ లిడో క్యాబరే ప్రదర్శన 1958లో లాస్ వేగస్ స్టార్‌డస్ట్ హోటల్‌కు రావడంతో ఆ నగరానికి షోగర్ల్ గుర్తుగా మారింది. అంతకు ముందటేడే డ్యూన్స్ హోటల్ 'మిన్స్కీస్ ఫోలీస్'లో వక్షాన్ని కప్పని వేషాలను ప్రవేశపెట్టింది. జూదరులను రప్పించడమే అసలు ఉద్దేశం కాబట్టి ప్రదర్శన ఖర్చు గురించి కాసినోలు పెద్దగా పట్టించుకోలేదు.

ఆ ఆర్భాటానికి పరాకాష్ఠ వేగస్‌లోని 'జూబిలీ!' ప్రదర్శన. 1980 నవంబరులో ఎంజీఎం గ్రాండ్ హోటల్ అగ్నిప్రమాదంలో దుస్తులు, సెట్లు కాలిపోవడంతో 1981లో గాని తెర లేవలేదు. బాబ్ మాకీ, పీట్ మెనెఫీల దుస్తులు, వేదికపైనే మునిగిపోయే టైటానిక్ దాని ఆకర్షణలు. ఈకల అలంకరణ బరువు కొన్నింటికి 16 కిలోల దాకా ఉండేది. అంత బరువుతో, ఎత్తు మడమల మీద, కింద చూడకుండా మెట్లు దిగడాన్ని 'ఊరికే నిలబడటం' అని తీసిపారేసిన విమర్శకులు ఆ మెట్లు ఎక్కి చూడలేదనుకోవాలి.

1990ల నుంచి సర్క్ దు సొలే వంటి సర్కస్ విన్యాసాలు ప్రేక్షకులను లాక్కున్నాయి. వినోదం కూడా లాభం తేవాలనే లెక్క కాసినోల్లోకి వచ్చింది. వేగస్ ట్రోపికానా హోటల్‌లో 1959 నుంచి సాగిన ఫోలీ బెర్జేర్ ప్రదర్శన 2009లో, జూబిలీ 2016లో ముగిశాయి. పారిస్ లిడో 2022లో రెవ్యూను మానుకుంది. మూలాన్ రూజ్‌లో మాత్రం నేటికీ నడుస్తోంది. వేగస్ కాలిబాటల మీద ఈకల వేషంతో పర్యాటకుల పక్కన ఫొటోలకు నిలబడి టిప్పులు తీసుకునేవారు కనిపిస్తారు. దానికి మెట్ల నడక అక్కర్లేదు.