బిల్లులో పడిన జ్వరం: అమెరికా క్లెయిములు, ఫ్లూ లెక్కలు, హైదరాబాద్ కోడర్లు

డిజిటల్ డేటాతో అంటురోగాల జాడ తీయడం గురించి ఏ వ్యాసం తిరగేసినా ముందు గూగుల్ కథే వస్తుంది. సెర్చ్ మాటలతో ఫ్లూ అంచనా కట్టే గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ 2008 నవంబరులో అట్టహాసంగా మొదలవడం, 2012-13 చలికాలంలో దాని అంచనా బోల్తాపడటం, 2015లో అది మూతపడటం. ఈ మూడు ముక్కలూ చెప్పేసి, వేరే పని కోసం పోగుపడిన డేటాతో రోగాల లెక్క తేలదని తీర్పు ఇచ్చేస్తారు. ఆ తీర్పు దెబ్బ వైద్య బిల్లుకు కూడా తగిలింది. డాక్టరు రోగిని చూసి రాసిన నోట్సు మీద కోడరు కోడ్ వేసి, బీమా కంపెనీ పరిశీలించి డబ్బు చెల్లించే క్లెయిమునూ, ఎవరో ఏ అర్ధరాత్రో టైపు చేసిన సెర్చ్ మాటనూ ఒకే గాటన కట్టేశారు. సీజనల్ ఫ్లూ విషయంలో బిల్లు నమ్మదగిన సాక్షి అని, కోడింగ్ నియమాలు పక్కన పెట్టుకుని చదివితేనే ఆ సాక్ష్యం అర్థమవుతుందని ఈ వ్యాసం వాదిస్తుంది.

పేచీ ప్రధానంగా ఫ్లూ ట్రెండ్స్‌ను రూపొందించిన జెరెమీ గిన్స్‌బర్గ్ బృందంతో. 2009 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో అచ్చయిన వారి పరిశోధన 5 కోట్ల సెర్చ్ ప్రశ్నలను జల్లెడపట్టి 45 మిగుల్చుకుంది. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చెప్పింది అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ, డాక్టర్లు స్వచ్ఛందంగా పంపే నివేదికలతో కూర్చే ఐఎల్ఐనెట్ లెక్కలే. ఆ లెక్కలతో కలిసి ఎక్కిదిగిన ప్రశ్న మిగిలింది, లేనిది పోయింది. మొదటి వందలో ‘హైస్కూల్ బాస్కెట్‌బాల్’ లాంటివి కూడా తేలాయని రచయితలే రాశారు. అమెరికాలో బాస్కెట్‌బాల్ సీజనూ ఫ్లూ సీజనూ ఒకే చలికాలంలో వస్తాయి మరి. ఇంతకంటే పెద్ద హెచ్చరిక ఏం కావాలి? 2009 వసంతంలో కొత్త హెచ్1ఎన్1 వచ్చినప్పుడు ఈ నమూనా దాన్ని సరిగా పట్టుకోలేకపోయింది. తర్వాత మరమ్మతు చేశారు. అయినా 2011 ఆగస్టు నుంచి చూసిన 108 వారాల్లో 100 వారాలు అది ఎక్కువే చెప్పిందని డేవిడ్ లేజర్ బృందం 2014లో సైన్స్ పత్రికలో లెక్కగట్టింది.

గిన్స్‌బర్గ్ వారసులు ఈ వైఫల్యాన్ని గణిత లోపంగా చూశారు. అసలు లోపం సాక్షి దగ్గరే ఉంది. ఫ్లూ గురించి వెతికినవాడికి ఫ్లూ ఉండనక్కర్లేదు. టీవీలో వార్త చూసి భయపడినా చాలు. పొరబడి వెతికితే పోయేదీ ఏమీ లేదు. బిల్లు విషయం అలా కాదు. కోడ్ తప్పితే క్లెయిము డినయల్ అయి తిరిగొస్తుంది, డబ్బు ఆగుతుంది, ఆడిట్‌లో బయటపడితే కట్టిన సొమ్ము వెనక్కి లాగేస్తారు. తప్పుకు ధర ఉన్నచోట పుట్టిన కాగితం ఇది.

ఈ కాగితాన్ని మొదటిసారి దేశవ్యాప్తంగా, పద్ధతిగా చదివినవారిలో పరిశోధకులు సెసిల్ విబూ, లోన్ సిమన్సన్ ముఖ్యులు. 2014లో ప్లాస్ వన్‌లో వచ్చిన వారి బృంద పరిశోధన, డాక్టర్లు పంపే సీఎంఎస్-1500 క్లెయిములను 2003 నుంచి 2010 దాకా వారంవారం కూడింది. అందులో చూడాల్సింది వారు ఫ్లూను లెక్కపెట్టిన తీరు. ఆనాటి రోగాల కోడ్ల పట్టిక ఐసీడీ-9లో ఫ్లూ కోడ్లయిన 487, 488 దగ్గరే ఆగలేదు. జ్వరంతో పాటు దగ్గో గొంతునొప్పో ఉన్నా, పేరు తేలని వైరల్ ఇన్‌ఫెక్షన్ అని రాసినా లెక్కలోకి తెచ్చారు. అలా వచ్చిన గీత జాతీయ స్థాయిలోనూ ప్రాంతాలవారీగానూ సీడీసీ గీతతో దాదాపు కలిసి నడిచింది.

ప్రభుత్వ గీతతో కలిసి నడవడమే గొప్పయితే ప్రభుత్వ గీతే చాలు. బిల్లు బలం ఊరి స్థాయిలో తెలుస్తుంది. జూలియా గాగ్ బృందం అదే ఏడాది ఈ క్లెయిములతోనే 2009 శరత్కాలపు హెచ్1ఎన్1 అలను 271 అమెరికా నగరాల్లో వెంటాడింది. విమానాల యుగంలో వైరస్ న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ లాంటి మహానగరాల్లో దిగి అక్కడి నుంచి చిన్న ఊళ్లకు పాకుతుందని ఎవరైనా అనుకుంటారు. క్లెయిములు వేరే కథ చెప్పాయి. అల ఆగ్నేయ రాష్ట్రాల్లో లేచి, పక్క ఊరి నుంచి పక్క ఊరికి పాకుతూ, దేశమంతా చుట్టడానికి మూడు నెలలు తీసుకుంది.

ఆగ్నేయంలోనే ఎందుకు లేచింది? అక్కడ చాలా బడులు ఆగస్టులోనే తెరుస్తారు. ఈశాన్యంలో చాలాచోట్ల సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే దాటాకే పిల్లలు బడికి వెళ్తారు. బడుల తేదీలు ఒక్కటే పెట్టి చూసినా, దగ్గరి ఊళ్ల వ్యాప్తి ఒక్కటే పెట్టి చూసినా, రెండోదే డేటాకు బాగా అతికింది. రెండూ కలిపితే ఇంకా బాగా అతికింది. గాలిలో తేమ గానీ, వసంతంలో సోకినవారి రోగనిరోధకత గానీ అదనంగా ఏమీ వివరించలేదు. ఐఎల్ఐనెట్‌కు కొద్దిమంది డాక్టర్లు స్వచ్ఛందంగా పంపే నివేదికలతో ఇంత సన్నని పటం గీయడం కుదరదు. సెర్చ్ డేటాతో ఎవరైనా గీసినా దాన్ని నమ్మడం కుదరదు.

ఈ క్లెయిములను ఇంతవరకూ చదివినవారు ఒక మనిషిని మరిచిపోతున్నారు. ఆ మనిషి కోడరు. అమెరికా క్లినిక్కుల చార్టుల్లో గణనీయమైన భాగం కోడింగు కోసం భారతదేశానికి వస్తుంది. ఆ పనికి హైదరాబాద్ పెద్ద కేంద్రం. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో బీఫార్మసీ, లైఫ్ సైన్సెస్ పిల్లలు కోడర్ల సర్టిఫికేషన్ సీపీసీ పరీక్ష కోసం వల్లెవేసే నియమాల్లో ఒకటి ఇక్కడ కీలకం. ఓపీ చార్టులో డాక్టరు ‘ప్రాబబుల్ ఫ్లూ’ అనో, ‘సస్పెక్టెడ్ ఫ్లూ’ అనో, ‘రూల్ అవుట్ ఫ్లూ’ అనో రాస్తే ఫ్లూ కోడ్ వేయకూడదు. ఇప్పటి ఐసీడీ-10 ప్రకారం జ్వరానికి ఆర్50.9, దగ్గుకు ఆర్05 వరసలోని కోడ్ వేసి ఊరుకోవాలి. అదే డాక్టరు నిర్ధారించి ‘ఇన్‌ఫ్లుయెంజా ఎ’ అని రాస్తే, ల్యాబ్ రిపోర్టు చేతిలో లేకపోయినా ఫ్లూ కోడ్ జె10 పడుతుంది. వైరస్ రకం తేలని ఫ్లూకు జె11.

కాబట్టి జె10, జె11 మాత్రమే లెక్కపెట్టే పరిశోధకుడు ఫ్లూతో పాటు డాక్టరు ధీమాను కూడా కొలుస్తున్నాడు. సీజను మొదట్లో డాక్టర్లు అనుమానంగా రాస్తారు. ఊరంతా దగ్గుతున్నప్పుడు ధీమాగా రాస్తారు. అల అసలు కంటే ఆలస్యంగా లేచి, అసలు కంటే నిటారుగా ఎగసినట్టు కనిపించేది ఇందుకే. విబూ బృందం లక్షణాల కోడ్లను కూడా కలుపుకోవడంలోని వివేకం ఇక్కడే ఉంది.

మరో ఆధారం క్లెయిములోనే ఉంది. రోగ నిర్ధారణ కోడ్ పక్కన, చేసిన పనికి సీపీటీ కోడ్ ఉంటుంది. క్లినిక్‌లో చేసే ఫ్లూ ర్యాపిడ్ టెస్టుకు 87804. టెస్టు నెగటివ్ వచ్చినా బిల్లు పడుతుంది. 87804 ఉండి జె10, జె11 లేని క్లెయిములను విడిగా కూడితే ఆ వారం ఎందరిని ఫ్లూ అనుమానంతో పరీక్షించి కాదన్నారో అంచనా దొరుకుతుంది. సెర్చ్ పెట్టె ఏనాడూ ఇవ్వలేని లెక్క ఇది.

బిల్లుకు లోపాలూ ఉన్నాయి: బీమా లేనివారు ఈ లెక్కలో సరిగా పడరు, క్లెయిములు చేరడానికి రోజులూ వారాలూ పడుతుంది, 2015 అక్టోబరు 1న ఐసీడీ-10కు మారినప్పుడు పాత వరుస తెగింది, కోవిడ్ కాలంలో జ్వరం-దగ్గు కోడ్లను ఫ్లూ అనుకుంటే మునిగినట్టే. ఇవన్నీ సరిదిద్దుకోదగిన లోపాలే.

తెలుగు నేలకు ఈ చర్చ దూరమైనదేమీ కాదు. 2009 మేలో దేశంలో తొలి హెచ్1ఎన్1 కేసు నిర్ధారణ అయింది హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడిలో. మన దగ్గర ఫ్లూ ఏటా రెండుసార్లు ముసురుకుంటుంది: జనవరి-మార్చి నెలల్లో ఒకసారి, వానల తర్వాత మరోసారి. ఆ రెండో విడత పత్రికల్లో ‘విషజ్వరాలు’ అనే ఒక్క శీర్షిక కింద డెంగీ, టైఫాయిడ్‌లతో కలిసిపోతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ బిల్లులు ప్రధానంగా ఆస్పత్రిలో చేరిన రోగులవి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని, మెడికల్ షాపులో పారాసిటమాల్ కొనుక్కున్నవాడి జ్వరం ఏ క్లెయిములోనూ ఉండదు. అయినా ఆస్పత్రుల్లో చేరిన న్యుమోనియా, శ్వాస ఇబ్బంది కేసులను వారంవారీగా, జిల్లావారీగా కూడితే అల ఖమ్మంలో ముందు లేచిందో కర్నూలులో ముందు లేచిందో తేలిపోతుంది. అమెరికా ఫ్లూకు కోడ్లు వేసే చేతులు మన ఊళ్లోనే ఉన్నాయి, మన ఫ్లూకు మాత్రం పటం లేదు. తెలంగాణ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టులు రోగుల పేర్లు, చిరునామాలు తీసేసి, వారంవారీ జిల్లా లెక్కలను పరిశోధకులకు తెరవాలి. అందుకు కొత్త సర్వే గానీ కొత్త ల్యాబ్ గానీ అక్కర్లేదు.