చిగురుపన్ను : భద్రాచల మన్యసీమలో మత్తు - మోతాదు

ఖమ్మము మొదలు భద్రాచలము మీదుగా గోదావరికి ఇరుప్రక్కల వ్యాపించిన అరణ్యసీమలో తాడి, జీలుగు, ఇప్ప అను మూడు వృక్షములు కోయలకును కొండరెడ్లకును చిరకాలముగా ఆధారములు. మొదటి రెంటిని గీచినచో కల్లు లభించును. సంస్కృతమున మధూకమనబడు ఇప్ప యొక్క పూవును పులియబెట్టి బట్టీపట్టినచో సారా యగును. కల్లును సారాను ఒక్కటిగా నెంచువారు కలరు. కాని వాని నడుమగల భేదమును గుర్తింపనిచో ఈ సీమ చరిత్ర బోధపడదు.

రెంటియందును మత్తు గలిగించు ద్రవ్య మొక్కటే, అది ఆల్కహాలు. రక్తముద్వారా మెదడును జేరి, నాడీకణముల ఉద్రేకము నణచు గాబా అను రసాయనము యొక్క పనిని అది హెచ్చించును; ఉద్రేకపఱచు గ్లూటమేటు పనిని తగ్గించును. ముందుమెదడు మందగించుటచే సంకోచమును వివేచనయు సడలును. చిన్నమెదడు మందగించుటచే అడుగు తడబడును. డోపమిన్ వెలువడుటచే కలుగు సుఖము మరల త్రాగుటకు ప్రేరేపించును. నిత్యము మితిమీఱి త్రాగువాని మెదడు ఈ మాంద్యమునకు ఎదురుగా తన్ను సర్దుకొనును. అట్టివాడు హఠాత్తుగా మానినచో వణకు, నిద్రలేమి, భ్రాంతి, మూర్ఛ కలుగవచ్చును. కావున మోతాదు ముఖ్యము. అప్పుడే దించిన కల్లులో ఆల్కహాలు స్వల్పము. పులిసిన పిదప సుమారు నూటికి నాలుగైదు పాళ్లు. సారాలో అంతకు పెక్కురెట్లు.

ఈ మోతాదును చెట్టు నిర్ణయింపదు. త్రాగువాని యిచ్ఛతోపాటు ఆచారమును, చట్టమును, విపణియు నిర్ణయించును. 1879 నాటి రంప తిరుగుబాటు ఇందులకు నిదర్శనము. భద్రాచలమునకు ఆగ్నేయమున నున్న రంపసీమలో ఇంటివాడుకకు కల్లు గీచుకొను స్వేచ్ఛను అబ్కారీ చట్టము హరించెను. కల్లుపై హక్కు గుత్తదారుల పాలయ్యెను. చిగురుపన్ను ప్రజలపై పడెను. మునసబుదారు పీడనము దీనికి తోడయ్యెను. ఆ యేటి మార్చిలో తిరుగుబాటు చెలరేగెను. అది రేకపల్లి సీమకును ప్రాకెను. రేకపల్లి, భద్రాచలము తాలూకాలు 1874లో మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మాఱియుండెను. అచ్చట పోడుపై పన్నును నిర్బంధములును ముఖ్యకారణములు. నాయకులలో నొకడగు ద్వారబంధాల చంద్రయ్య 1880లో హతుడయ్యెను.

దీనిని మత్తుకొఱకైన పోరనుట సులభము, న్యాయము కాదు. వారు కోరినది తమ చెట్టుపై తమ హక్కును. తన యింటికై గీచుకొనువానికి పొరుగువాడు ఎక్కువ త్రాగుటవలన లాభము లేదు, గుత్తదారునకు కలదు. అంతమాత్రమున ఆచారము నిర్దోషమని చెప్పరాదు: ఇప్పసారా దేవతలకు ఆరగింపైనను, మెదడుపై దాని పని మాఱదు.

కల్లు సరకైన పిదప ఎంతదూరము పోయినదో ఇటీవలి తెలంగాణము చూపినది. క్లోరల్ హైడ్రేటు, డయజిపాం, ఆల్ప్రజోలాం అనువానిని కల్లులో కలుపుట పలుతావుల బయటపడినది. ఇవియు గాబా మార్గముననే పనిచేయును. 2015లో కల్తీకల్లు దొరకనప్పుడు దానికి అలవాటుపడిన కూలిజనులు వణకుతో, భ్రాంతితో ఆసుపత్రులకు చేరిరి. వారు త్రాగినది కల్లని నమ్మిరి. వారి మెదడు అలవాటుపడినది మందులకు.

కావున మత్తు చరిత్రను వ్రాయువాడు త్రాగువాని శీలమును విచారించుటకు ముందు, ఆ పాత్రలో ఏమి యున్నది, ఎంత యున్నది, దానివలన లాభము ఎవ్వరిది అని విచారింపవలెను.