గోదావరిలో బోటు ప్రయాణాల నియంత్రణ - నిబంధనల అమలు

భద్రాచలం నుంచి రాజమహేంద్రవరం వరకు గల 171 కిలోమీటర్ల గోదావరి మార్గం 2008లో 4వ జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించబడింది. పాపికొండల విహారయాత్రలకే గాక, నదీతీర గిరిజన గ్రామాల రాకపోకలకు కూడా ఈ మార్గమే ఆధారం.

2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు వద్ద లాంచీ మునిగి పలువురు గ్రామస్థులు మరణించారు. 2019 సెప్టెంబరు 15న అదే మండలంలోని కచ్చులూరు వద్ద వరద ఉధృతిలో పర్యాటక బోటు మునిగిన ఘటనలో సుమారు 50 మంది మృతి చెందడమో గల్లంతవడమో జరిగింది. ప్రాణాలతో బయటపడిన 26 మందిలో పలువురిని తమ పడవలలో ఒడ్డుకు చేర్చినవారు స్థానిక గ్రామస్థులే. బోటును అక్టోబరు 22న వెలికితీశారు.

దరిమిలా బోట్ల రాకపోకలను నిలిపివేసిన రాష్ట్ర ప్రభుత్వం, 2020 జూన్‌లో 9 కంట్రోల్ రూములను ప్రారంభించింది. రెవిన్యూ, జలవనరులు, పోలీసు, పర్యాటక శాఖల సమన్వయంతో బోటు సామర్థ్యం, ప్రయాణికుల జాబితా, లైఫ్ జాకెట్లు, నదీ ప్రవాహం పరిశీలించిన మీదటే అనుమతి ఇవ్వడం వీటి ఉద్దేశం.

1917 నాటి చట్టం స్థానే వచ్చిన అంతర్గత నౌకల చట్టం, 2021, 2022 జూన్ 7 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం యాంత్రిక బోట్లకు సర్వే ధ్రువపత్రం, రిజిస్ట్రేషన్, బీమా తప్పనిసరి. యంత్రరహిత పడవలను స్థానిక స్థాయిలో నమోదు చేయవలసి ఉంటుంది.

ధ్రువపత్రం బోటు యోగ్యతను మాత్రమే తెలుపుతుంది. వరద రోజున బోటును రేవులోనే నిలిపివేయవలసిన బాధ్యత తనిఖీ అధికారులదే.