ముఖలింగం మాస్టారూ, ఎడిటోరియల్ బోర్డులూ

రీసెర్చ్ జర్నళ్ళ ఎడిటోరియల్ బోర్డుల్లో ఆడవాళ్ళు తక్కువ, మనలాంటి దేశాలవాళ్ళు తక్కువ, పెద్ద యూనివర్సిటీల బయటివాళ్ళు మరీ తక్కువ అని తరచూ వింటుంటాం. దానికి మన ఐటీ వాళ్ళలో చాలామంది ఠక్కున ఇచ్చే జవాబు ఒకటుంది: "మెరిట్ చూడాలి గానీ ఇవన్నీ ఎందుకండీ?" నేనూ అదే అనేవాణ్ణి. నా చేత ఆ మాట మాన్పించింది శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం.

తూర్పు గంగరాజుల రాగి శాసనాల్లో కళింగనగరం అని వాళ్ళ రాజధాని పేరు వస్తుంది. అదెక్కడ? పేరు పోలికను బట్టి సముద్రం ఒడ్డున ఉన్న కళింగపట్నమే అనుకున్నవాళ్ళున్నారు. కాదు, ముఖలింగమే అని వాదించినవాడు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునే ఒక మాస్టారు, గిడుగు రామమూర్తి. ఆయన 1863లో పుట్టిన పర్వతాలపేట ముఖలింగానికి దగ్గరే. గుడి గోడల మీది పాత లిపుల్ని సొంతంగా చదవడం నేర్చుకున్నారు. వజ్రహస్తుడి నడగాం శాసనం (శక 979) మీద ఆయన రాసిన వ్యాసం 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగో సంపుటంలో (1896-97) వచ్చింది. ఎడిటరు హుల్ష్ అనే జర్మన్ పండితుడు.

"చూశారా, మెరిట్ గెలిచింది!" అంటారేమో. గెలిచింది, నిజమే. కానీ మన భాషలో చెప్పాలంటే ఆయన ప్యాచ్‌ని ఒప్పుకున్నారు, అంతే. కమిట్ యాక్సెస్ మాత్రం వేరేవాళ్ళ చేతుల్లోనే ఉంది. ఏది అచ్చు వెయ్యాలో, ఏది పక్కన పెట్టాలో తేల్చేది వాళ్ళే.

ఆ తేడా ఎంత పెద్దదో గిడుగు వారికే తర్వాత తెలిసొచ్చింది. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టింది. దానికో పత్రిక, ఆపైన సూర్యరాయాంధ్ర నిఘంటువు పని. అక్కడ పగ్గాలు గ్రాంథికవాదుల చేతుల్లో ఉన్నాయి. కావ్యాల్లో ఉన్న మాటకే విలువ, జనం నోట్లో ఉన్న మాట లెక్కలోకి రాదు. అక్కడున్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, చదువు లేనివాళ్ళు అసలే కారు. అందరూ ఒకే రకం చదువు చదివినవాళ్ళు, అంతే! ఏది మెరిట్ అన్న కొలత కూడా వాళ్ళ చదువులోంచే వచ్చింది. ఆ కొలతతో కొలిస్తే వ్యావహారికం ఎప్పటికీ ఫెయిలే. చివరికి గిడుగు వారు 1919లో 'తెలుగు' అని సొంత పత్రికే పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే ఆయన్ని హీరోని చేసి ఊరుకున్నట్టే. ఆయన సవరల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ కోసం బడులు పెట్టించి, 1931లో సవర భాష మీద ఇంగ్లీషులో మాన్యువల్ ప్రచురించారు. గొప్ప పని, సందేహం లేదు. కానీ ఆ పుస్తకం మీద తీర్పు చెప్పే చోట సవరలు లేరు. 1936లో మంగేయి గొమాంగో అనే సవర మనిషి తన భాషకి 'సొరాంగ్ సొంపెంగ్' అని కొత్త లిపే తయారుచేశాడు. ఇంకొకళ్ళు ఎంత ప్రేమగా రాసిపెట్టినా, మన అక్షరం మనమే దిద్దుకోవాలనిపించడం సహజమే కదా.

కాబట్టి బోర్డులో రకరకాలవాళ్ళు ఉండాలనడం దానధర్మం కాదు. కోడ్ రాసినవాళ్ళే టెస్టింగ్ కూడా చేసుకుంటే ఏ బగ్గులు మిగిలిపోతాయో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. బోర్డు మెంబర్ల పదవికి గడువు పెట్టడం, ఖాళీలకి బహిరంగంగా దరఖాస్తులు పిలవడం, ఒక ప్రాంతం గురించిన పేపరు వస్తే ఆ ప్రాంతం ఎరిగిన రివ్యూయర్‌కి ఒక్కరికైనా చూపించడం.. ఇవేవీ మెరిట్‌ని తగ్గించవు.

ఈసారి ముఖలింగం వెళ్తే మధుకేశ్వరుడి దర్శనం అయ్యాక గోడల మీది అక్షరాల దగ్గర కాసేపు ఆగండి. దగ్గర ఊరివాడొకడు వాటిని చదివాడు కాబట్టే, కళింగనగరం కళింగపట్నంలో ఉండిపోలేదు.