కొసల నుంచి దువ్వెన

నైజీరియాలోని ఇబాదాన్. ఆదివారం మధ్యాహ్నం. సహారా దుమ్మును మోసుకొచ్చే హర్మటాన్ గాలికి మీ పెదవులు పగులుతున్నాయి. వరండాలో పీట మీద తల్లి, ఆమె మోకాళ్ల మధ్య చాప మీద ఎనిమిదేళ్ల పిల్ల. రేపు బడి. మీరూ ఆ చాప చివర కూర్చోండి.

తలస్నానం ఇప్పుడే అయింది. తడికి మెడ దాకా సాగిన జుట్టు, ఆరుతున్న కొద్దీ మీ కళ్లముందే చుట్టలు చుట్టుకుని పైకి లేస్తోంది. జానెడు వెంట్రుక బెత్తెడైపోతోంది. తల్లి ఆరనివ్వదు. తలను నాలుగు భాగాలు చేసి, మూడింటిని ముడేసి, నాలుగోదాని మీద నీళ్లు చిలకరిస్తుంది. అరచేతిలో షియా వెన్న రుద్ది కరిగిస్తుంది. యోరుబాలో దాని పేరు ఒరీ. అదే మాటను ఇంకో స్వరంలో పలికితే తల. ఆ తలతో పాటు తెచ్చుకున్న రాత కూడా.

ముందు వేళ్లు, తర్వాత వెడల్పు పళ్ల దువ్వెన. మన ఇళ్లలో చాలామందిమి కుదుళ్ల దగ్గర దువ్వెన పెట్టి కిందికి లాగేస్తాం. ఇక్కడ కొసల చిక్కు వదిలాకే దువ్వెన అంగుళం పైకి జరుగుతుంది. మాడు మీద ఊరే జిడ్డు ఇన్ని మెలికలు దాటి కొస దాకా జారలేదు. ఎండిన వెంట్రుక వంపు దగ్గర పుటుక్కున తెగుతుంది. దీన్ని మొండి జుట్టు అనడం అన్యాయం. ఇంత సుకుమారమైన జుట్టు నేను చూడలేదు.

ఇక నల్లదారం. పాయ మొదట్లో బిగించి, కొస దాకా చుట్టుకుంటూ పోతుంది. ఇదే ఇరున్ కికో. వేడి తగలకుండానే వెంట్రుక సాగుతుంది, పాయ కాడలా నిలబడుతుంది. ఒజైకెరె అనే ఫొటోగ్రాఫర్ 1968 నుంచి ఇలాంటి తలకట్లను, ఎక్కువగా వెనక నుంచి, శిల్పాల్లా ఫొటోలు తీశాడు. ఇక్కడ కూర్చుంటే ఎందుకో తెలుస్తుంది.

పిల్ల భుజం ముడుచుకుంది.

“నొప్పా తల్లీ?”

“చెవి పైన, అమ్మా.”

తల్లి మారుమాట లేకుండా ఆ దారమంతా విప్పేసింది. కణతల దగ్గర ఏళ్ల తరబడి బిగిస్తే కుదుళ్లే చచ్చిపోతాయి. ఈసారి వదులుగా చుట్టింది. రాత్రికి సాటిన్ గుడ్డ కడుతుంది. నూలు దిండు తడిని పీల్చేస్తుంది.

ఆఖరి ముడి విప్పేసరికి పిల్ల తల తల్లి మోకాలి మీదికి ఒరిగిపోయింది. తల్లి కాలు కదపకుండా చెయ్యి చాచి దారపు ఉండ అందుకుంది.